పాత ఇనప సైకిల్ ఫ్రేముతో ఫిక్స్‌డ్ గేర్ బండి కట్టుకోవడం ఎట్టా

ముందే ఒక మాట చెప్పేస్తా. ఫిక్స్‌డ్ గేర్ కట్టాలని మోజుపడే కుర్రోళ్ళు ఎక్కువమంది డబ్బంతా ఫ్రేము రంగుకీ హ్యాండిల్‌కీ తగలేస్తారు, వెనక చక్రం నడుమ ఉండే హబ్బు దగ్గరకొచ్చేసరికి జేబు ఖాళీ, ఇంక చేసేదేం లేక ఉన్న ఫ్రీవీల్‌నే వెల్డింగ్ పెట్టించుకుని రోడ్డెక్కుతారు. దయచేసి దీన్ని తిరగేయండి. డబ్బు వెనక హబ్బుకీ ముందు బ్రేకుకీ పెట్టండి, మిగతాదంతా పాతదే ఉన్నా బండి బ్రహ్మాండంగా పోద్ది.

తెలియనోళ్ళ కోసం చెప్తున్నా, మామూలు సైకిల్లో తొక్కడం ఆపితే చక్రం దానిపాటికది తిరుగుతా ఉంటది, టిక్ టిక్ మని ఫ్రీ చప్పుడు వస్తది కదా, ఇందులో ఆ ఫ్రీ ఉండదు. వెనక పళ్ళచక్రం హబ్బుకి బిగిసిపోయి ఉంటది కాబట్టి చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరుగుతానే ఉంటాయి, మీ కాళ్ళూ తిరగాల్సిందే. కాళ్ళతో ఎదురు పట్టు పడితే బండి నెమ్మదిస్తది. జపాన్‌లో 1948లో మొదలైన కేరిన్ రేసులు ఇట్టాంటి బళ్ళ మీదే, అదీ ఎక్కువగా స్టీలు ఫ్రేముల మీదే జరుగుతాయి. వాళ్ళకి బ్రేకులుండవు, కానీ వాళ్ళు తొక్కేది ట్రాకు మీద. మనం తొక్కేది ట్రంకురోడ్డు మీద, ఆ తేడా మర్చిపోవద్దు.

మన నేలకి ఈ బండి బాగా నప్పుద్ది. నెల్లూరు నుంచి మైపాడు దాకా గానీ, ఒంగోలు నుంచి కొత్తపట్నం దాకా గానీ ఎక్కడా చెప్పుకోదగ్గ ఎత్తు లేదు, ఉన్నవల్లా ఫ్లైఓవర్లూ కాలవ వంతెనలూ అంతే. అదే గిద్దలూరు వైపు నల్లమల ఘాట్లలోకి పోయేవాళ్ళకి మాత్రం వద్దంటా, దిగుడులో కాళ్ళు ఆగవు.

ఇంక ఫ్రేము. కొత్తది కొనొద్దు, చుట్టాల ఇళ్ళల్లో అడగండి. వసారాలో, గడ్డివామి పక్కన, రైసుమిల్లు వెనకాల ఎక్కడో ఒకచోట 24 అంగుళాల నల్ల బండి గోడకానించి ఉంటది, చెయిన్ కవరు మీద పసుపుపచ్చ పెయింటుతో తాత పేరూ ఊరి పేరూ రాసి, పక్కన చిన్న పువ్వు బొమ్మ కూడా వేయించి ఉంటారు. 1949లో మొదలై మద్రాసు పక్కన అంబత్తూరులో ఫ్యాక్టరీ పెట్టిన టీఐ సైకిల్స్ వాళ్ళ హెర్క్యులెస్, బీఎస్ఏ, ఫిలిప్స్, లూధియానా హీరో, సోనేపట్ అట్లాస్, అసన్‌సోల్ సేన్ రాలీ, ఇవేవైనా పనికొస్తాయి. ఇంట్లో దొరక్కపోతే పాత ఇనప సామాన్ల కొట్టు చూడండి, కానీ అక్కడ కొంటే చిన్న కాగితం మీద అయినా రసీదు రాయించుకోండి, ఫ్రేము మీద కొట్టిన నంబరు అరగదీసి ఉంటే మాత్రం తాకొద్దు. తాత బండి అయితే ఆ చెయిన్ కవరు పారేయొద్దు, విప్పాక కడిగి గోడకి తగిలించుకోండి.

కొనేముందు చూడాల్సినవి. ముందు, నిలబడి కాళ్ళ మధ్య పెట్టుకుంటే పైరాడ్డుకీ మీకూ మధ్య రెండు వేళ్ళ సందన్నా ఉండాలి, మామూలు బండికి లేకపోయినా ఎట్టోకట్టా సర్దుకుంటాం, దీని మీద నుంచి దిగేటప్పుడు పెడలు ఆగి ఉండదు కాబట్టి సర్దుకోవడం కుదరదు. తర్వాత హ్యాండిల్ కింద ఫ్రేము కలిసే చోట, కిందరాడ్డు అడుగున గోరుతో మెల్లగా గీసుకుంటా పోండి, ఎక్కడన్నా చిన్న అల లాగా తగిలిందంటే ఆ బండి ఎప్పుడో దేన్నో గట్టిగా గుద్దుకున్నట్టే, వదిలేయండి. పెడళ్ళ గూడు కింద తుప్పు చూడండి, వానాకాలం నీళ్ళు దిగి నిలిచేది అక్కడే. సూదిమొన మేకు తీసుకుని పొడిస్తే లోపలికి దిగిందా, ఫ్రేము పోయినట్టే. మైపాడు, కోడూరు, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్ళల్లో బండి అయితే ఇంకా జాగ్రత్త, పైన పెయింటు నిగనిగలాడతా ఉంటది, లోపల ఉప్పుగాలి తినేసి ఉంటది. చివరగా వెనక చక్రం ఇరుసు కూర్చునే గాడి చూడండి, అది అడ్డంగా పొడుగ్గా ఉండి చక్రం ముందుకీ వెనక్కీ జరిగే వీలుండాలి. మన పాత నల్ల బళ్ళకి ఉంటది, గేర్లున్న కొత్త బళ్ళల్లో చాలావాటికి గాడి నిలువుగా ఉంటది, అవి ఈ పనికి రావు, చెయిన్ బిగించుకునే దారే ఉండదు.

విప్పడంలో అసలు పరీక్ష కాటర్ పిన్ను, అంటే పెడలు చెయ్యిని (క్రాంకుని) దాని ఇరుసుకి బిగించి పట్టే పిన్ను. ఏళ్ళ తరబడి కదలని పిన్ను సుత్తితో టపటపా కొడితే మొన పుట్టగొడుగులాగా విచ్చుకుపోయి ఇంక జన్మలో రాదు. ముందు రోజు రాత్రే కిరసనాయిలు గానీ తుప్పు వదిలే స్ప్రే గానీ పోసి వదిలేయండి. పొద్దున నట్టు పూర్తిగా తీయకుండా పిన్ను చివరతో సమానంగా వచ్చేదాకా వదులు చెయ్యండి, క్రాంకు కింద లావుపాటి ఇనప పైపు ముక్క నిలబెట్టి బరువంతా దాని మీద పడేట్టు ఆనించండి, అప్పుడు పెద్ద సుత్తితో ఒక్కటే, గట్టిగా. కింద ఆనింపు లేకుండా కొడితే దెబ్బ మొత్తం లోపలి బేరింగు గుండ్ల మీదా, అవి కూర్చునే కప్పుల మీదా పడుద్ది, గుంటలు పడతాయి. బెంచి వైస్ ఉన్న షాపు దొరికితే ఇంకా మంచిది, అందులో పెట్టి నొక్కితే చప్పుడు లేకుండా వచ్చేస్తది. తీసిన పిన్నులు మళ్ళీ వాడొద్దు, కొత్తవి తెచ్చి, చదునుగా ఉండే పక్కని క్రాంకుకి సరిపడా ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీసి వెయ్యండి. రెండు పిన్నులూ ఎదురెదురు దిక్కుల్లో ఉండాలి, ఒక పక్క నట్టు కిందకుంటే రెండో పక్క నట్టు పైకి, అట్టా ఉంటేనే రెండు పెడళ్ళూ ఒకే గీతలో కూర్చుంటాయి. మామూలు బండికి పిన్ను మీద బలం ఒక పక్కకే పడుద్ది, దీనికి ముందుకీ వెనక్కీ రెండు పక్కలా పడుద్ది కాబట్టి వదులు పిన్ను నాలుగు కిలోమీటర్లలోనే టకటక మని బయటపడుద్ది.

గుండ్లన్నీ కొత్తవి వేసేయండి, వాటి ఖరీదు ఎంతని. పెడళ్ళ గూట్లో పావు అంగుళం గుండ్లు పక్కకి 11, వెనక హబ్బులో పావు అంగుళంవే పక్కకి 9, ముందు హబ్బులో 3/16వి పక్కకి 10. గ్రీజు దండిగా పెట్టండి.

ఇప్పుడు వెనక చక్రం సంగతి, ఇక్కడ నిదానంగా చదవండి.

మూడు దారులున్నాయి. మొదటిది వెల్డింగ్, మన ఊళ్ళల్లో అందరూ చేసేది. ఫ్రీవీల్ లోపల గుండ్లూ పళ్ళూ అన్నీ కలిపి వెల్డింగ్ పెట్టేస్తారు. ఆ వేడికి ఉక్కు గట్టిదనం పోద్ది, అతుకు ఎప్పుడు విరుగుద్దో తెలియదు. అంతకంటే పెద్ద తంటా ఇంకోటుంది, ఫ్రీవీల్ హబ్బు మీదకి కుడివాటం మరతో ఎక్కుద్ది కదా, మీరు వెనక్కి పట్టు పట్టినప్పుడల్లా అది విప్పుకునే వైపుకే బలం పడుద్ది. ముందుకి తొక్కితే బిగుస్తది, ఆపుదామని వెనక్కి పడితే ఊడుద్ది. అంటే సరిగ్గా మీకు ఆగాల్సిన క్షణంలోనే అది వదిలేస్తది. రొట్టెల పండగ రోజు దర్గామిట్ట జనంలో అట్టా వదిలేస్తే ఏమవుద్దో మీరే ఊహించుకోండి. ఈ దారి వద్దే వద్దు.

రెండోది మధ్యరకం. పాత హబ్బు ఉంచుకుని, ఫ్రీ తీసేసి, దాని స్థానంలో ట్రాక్ కాగ్, అంటే ఫ్రీ లేని పళ్ళచక్రం ఎక్కించి, దాని పైన పెడళ్ళ గూడు ఎడమ కప్పుకి ఉండే లాక్ రింగు బిగించడం. కుదరడానికి కారణం రెండింటి మరా ఒకటే, 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు. పాత రాలీ బళ్ళల్లో గూటి మర 26 చుట్లది ఉండేది, కాబట్టి ఆ రింగు దీనికి పట్టదు, షాపులో చేత్తో తిప్పి చూసి తెచ్చుకోండి. మర మీద అది వదులు కాకుండా పట్టే లాక్‌టైట్ జిగురు రాసి, కాగ్‌ని బలంగా బిగించి, దాని మీద రింగు బిగిస్తే చాలావరకు నిలబడుద్ది. చాలావరకు అనే అంటున్నా, ఎందుకంటే ఆ రింగు కూడా కుడివాటం మరే, కాగ్ జారితే రింగూ దాంతోపాటే జారుద్ది. ముందూ వెనకా రెండు బ్రేకులూ ఉంటేనే ఈ దారి, కాళ్ళతో గట్టిగా ఆపడాలు పెట్టుకోకూడదు.

మూడోది సరైనది, అసలు ట్రాక్ హబ్బు కొనడం. అందులో కాగ్ కుడివాటం, దాని పైన లాక్ రింగు ఎడమవాటం మర. వెనక్కి పట్టు పట్టినప్పుడు కాగ్ విప్పుకోబోయి రింగుని నెడుద్ది, రింగుకి అది బిగుసుకునే దిక్కు, ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఉండిపోతారు. వందేళ్ళకి పైగా ట్రాకుల మీద నిలబడిన ఏర్పాటు అది, ఇంతకంటే తేలికైంది ఇంకోటి లేదు. ఆన్‌లైన్లో ఒక పక్క ఫిక్స్‌డ్, ఇంకో పక్క ఫ్రీ పెట్టుకునే రకం హబ్బులు దొరుకుతాయి, నేర్చుకునేవాళ్ళకి అవే మేలు, కాళ్ళు అలిసిపోతే చక్రం తిప్పి పెట్టుకుని ఇంటికి రావచ్చు.

కొనేముందు రెండు లెక్కలు. మన పాత బళ్ళకి ముందు చక్రానికి 32 స్పోకులు, వెనక చక్రానికి 40. ట్రాక్ హబ్బులు దొరికేది 32 గానీ 36 గానీ బెజ్జాలతో, కాబట్టి పాత వెనక రిమ్ములో ఈ హబ్బు పట్టదు, కొత్త రిమ్ము కొనాల్సిందే. 36 బెజ్జాల 700సీ (మన పాత రిమ్ము కంటే కాస్త చిన్న సైజు) అల్యూమినియం రిమ్ము తీసుకుని, స్పోకులు కట్టి బెండు తీయగల పెద్దమనిషి దగ్గరికి పోండి. నెల్లూరులో, ఒంగోల్లో ఇప్పటికీ ఓవరాయిలింగ్ చేసే పాత షాపుల్లో చెవితోనే స్పోకు బిగువు చెప్పేవాళ్ళున్నారు. మా బాబాయ్ ఒకాయన షాపులో అయితే, "ఫ్రీ లేకుండా ఎట్టా దిగతావు అబ్బయ్యా, ముందు అది చెప్పు, అప్పుడే చక్రం కడతా" అని కూర్చోబెట్టి అడిగాడు. మంచి ప్రశ్న, దానికి జవాబు కిందుంది.

రెండో లెక్క వెడల్పు. ట్రాక్ హబ్బు నట్టుకీ నట్టుకీ మధ్య 120 మిల్లీమీటర్లు. పాత ఫ్రేము వెనక సందు 110 నుంచి 114 దాకా ఉంటది. స్టీలు కాబట్టి తెరవొచ్చు, ఇదే స్టీలు ఫ్రేము గొప్ప, అల్యూమినియంతో ఈ పని చేస్తే పగిలిపోద్ది. మర ఉన్న పొడుగు రాడ్డు ఒకటి, నాలుగు నట్లు, లావు వాషర్లు తెచ్చుకుని గాడుల మధ్య పెట్టి లోపల నుంచి బయటికి నట్లు తిప్పుకుంటా పోండి. స్టీలు వెనక్కి లాక్కుంటది కాబట్టి 120 దాకా తెరిస్తే వదలగానే మళ్ళీ మూసుకుంటది, ఇంకొంచెం దాటించాలి, కానీ ఒక్కసారే కాదు, కొద్దిగా తెరవడం, వదలడం, కొలవడం. పని మధ్యలో అతుకుల దగ్గర పెయింటు చిట్లి కింద గీత కనపడితే ఆపేయండి.

తెరిచాక అసలు చూడాల్సింది రెండు పక్కలా సమానంగా తెరుచుకుందా అని. దీనికి మిషన్లేం అక్కర్లేదు, ఒక దారం చాలు. వెనక కుడి గాడికి దారం కట్టి, ముందుకి లాగి హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, వెనక్కి తెచ్చి ఎడమ గాడికి బిగువుగా కట్టండి. ఇప్పుడు సీటు రాడ్డుకీ దారానికీ మధ్య కుడిపక్క సందెంత, ఎడమపక్క సందెంత స్కేలుతో కొలవండి. రెండూ ఒకటైతే ఫ్రేము సూటిగా ఉన్నట్టు. తేడా ఉంటే దారం ఎటు దగ్గరగా ఉందో ఆ పక్కదాన్ని ఒక్కదాన్నే కొంచెం బయటికి లాగాలి. తర్వాత గాడి రేకులు ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే పెద్ద రెంచీతో పట్టి మెల్లగా తిప్పి సరిచెయ్యండి, లేకపోతే ఇరుసు వంగి ఎప్పుడో విరుగుద్ది.

పళ్ళ లెక్క. ముందు చెయిన్ వీల్ పళ్ళు లెక్కపెట్టండి, మన బళ్ళల్లో ఎక్కువగా 44 గానీ 48 గానీ ఉంటాయి. దానికి వెనక 18 పళ్ళ కాగ్ వేస్తే నా లెక్క ప్రకారం మన ఊళ్ళకి సరిగ్గా సరిపోద్ది. 44కి 18 వేస్తే ఒక్క చుట్టుకి అయిదుంపావు మీటర్లు పోద్ది, నిమిషానికి 80 చుట్లు తొక్కితే గంటకి పాతిక కిలోమీటర్లు. రేసు బండిలాగా ఉండాలని 48కి 16 వేస్తారు కొందరు, ఎత్తులేని నేల కదా అనుకుని. ఎత్తు లేదు గానీ గాలుంది. మధ్యాహ్నం దాటితే తూర్పు నుంచి సముద్రం గాలి ఎత్తుకుంటది, మైపాడు పోయేవాడికి అది ముఖం మీదే. ఎండాకాలం పడమటి వడగాలి అయితే తిరిగొచ్చేవాడికి ముఖం మీద. ఇంకోటి, వెనక చక్రాన్ని కాళ్ళతో లాక్ చేసి జారించడం అలవాటు చేసుకునేవాళ్ళకి టైరు ఎన్నిచోట్ల అరుగుద్దో ఈ లెక్కలోనే తేలిపోద్ది. 48ని 16తో భాగిస్తే సరిగ్గా 3, అంటే ప్రతిసారీ టైరు ఒకే చోట నేలకి రాసుకుంటది, నెలలోపే నూలు బయటపడుద్ది. 44కి 18 అయితే 9 చోట్లకి పంచుకుంటది.

చెయిన్ మామూలు నల్ల బండి చెయినే, అర అంగుళం, ఎనిమిదో వంతు వెడల్పుది, కొత్తది వెయ్యండి. ముందు చెయిన్ వీలూ వెనక కాగూ ఒకే గీతలో ఉండాలి, పొడుగు స్టీలు స్కేలు చెయిన్ వీల్‌కి ఆనించి వెనక్కి చూస్తే తెలిసిపోద్ది. తేడా వస్తే ఇరుసు మీద వాషర్లు అటూ ఇటూ మార్చి, దానికి తగ్గట్టు రిమ్ముని మళ్ళీ మధ్యకి లాగించుకోవాలి. బిగువు దగ్గర తొందరపడొద్దు. పాత చెయిన్ వీల్స్ నూటికి నూరు గుండ్రంగా ఉండవు, పెడలు మెల్లగా తిప్పుకుంటా చెయిన్ ఎక్కడ బాగా బిగుస్తుందో చూడండి, ఆ బిగువు చోట కూడా మధ్యలో వేలితో నొక్కితే ఒక సెంటీమీటరు కదలాలి. మరీ బిగిస్తే గుండ్లు నలుగుతాయి, మరీ వదిలేస్తే చెయిన్ జారి కాగ్ పక్కన ఇరుక్కుని వెనక చక్రం ఉన్నట్టుండి పట్టేస్తది. పాత బండికొచ్చిన చెయిన్ అడ్జస్టర్లు ఉంటే అవే పెట్టండి, అంతకంటే మంచివి లేవు. వెనక ఇరుసుకి నట్లే ఉండాలి.

ముందు బ్రేకు లేకుండా కట్టేవాళ్ళకి నేను సాయం చెయ్యను, అంతే. పాత రాడ్డు బ్రేకు రిమ్ము లోపలి అంచుకి కిందనుంచి పట్టుద్ది, అది పాత రకం రిమ్ముతోనే పనిచేస్తది, వాన పడితే స్టీలు రిమ్ము మీద రబ్బరు జారిపోద్ది. ముందు చక్రం కూడా 700సీ అల్యూమినియం రిమ్ముకి మార్చి పక్కనుంచి పట్టే బ్రేకు పెట్టుకోండి. పాత 28 × 1½ రిమ్ము 635 మిల్లీమీటర్లు, 700సీ 622, అంటే బ్రేకు రబ్బర్లు ఆరున్నర మిల్లీమీటర్లు ఇంకా కిందకి రావాలి, కాబట్టి చేతులు పొడుగున్న బ్రేకు కావాలి. ఫోర్కు బెజ్జం మధ్యనుంచి రిమ్ము పక్కదాకా కొలుచుకుని ఆ కొలతతో కొనండి. ఫోర్కుకి బెజ్జమే లేకపోతే లేతు పని చేసే దగ్గర సూటిగా వేయించండి, ఇంట్లో డ్రిల్లుతో వద్దు. ముందు ఫోర్కు గాడులు కూడా సన్న ఇరుసుకి చేసినవి, కొత్త హబ్బు ఇరుసు లావు కాబట్టి ఆకురాయితో కొంచెం అరగదియ్యాలి. టైరు 32 గానీ 35 గానీ మిల్లీమీటర్ల వెడల్పుది వెయ్యండి, మన రోడ్లకీ మంచిది, చక్రం చిన్నదై తగ్గిన ఎత్తు కొంత తిరిగొస్తది, మలుపులో పెడలు నేలకి తగలదు.

పెయింటు గురించి రెండు ముక్కలే. అసలు పెయింటూ బంగారు గీతలూ కాస్తయినా మిగిలుంటే కిరసనాయిల్ గుడ్డతో తుడిచి అట్టాగే ఉంచండి. పోయి ఉంటే తుప్పు గీకి, రెడాక్సైడ్ కొట్టి, మీద ఎనామిల్. గొట్టాల లోపలికి అవిసె నూనె పోసి అన్ని పక్కలకీ తిప్పి, తలకిందులుగా వేలాడదీసి కారనివ్వండి, లోపల పొరలాగా ఆరుద్ది, ఉప్పుగాలి తట్టుకుంటది.

బండెక్కేముందు ఇది మాత్రం ఇంట్లో పిల్లలకి కూడా చెప్పండి. చక్రం తిరుగుతుండగా చెయిన్ దగ్గర వేలు పెట్టకూడదు. మామూలు బండిలో వేలు పడితే చెయిన్ ఆగుద్ది, ఇందులో చక్రం బరువంతా ఆ వేలి మీదుగా తిరుగుద్ది, వేలి కొనలు తెగిపోయినవాళ్ళున్నారు. చెయిన్ తుడవాలంటే చక్రం ఆపి, ఒక ముక్క తుడిచి, చెయ్యి తీసి, చక్రం జరిపి మళ్ళీ ఇంకో ముక్క. లుంగీతో, పంచెతో, చున్నీతో ఎక్కొద్దు. ప్యాంటు కుడికాలు మడిచి కట్టండి. చెప్పులు వద్దు, బూట్లు వేసుకుని తాళ్ళు లోపలికి దోపండి. పెడళ్ళకి పట్టీలు కావాలంటే చెప్పులు కుట్టే ఆయనకి కొలతిస్తే మందపాటి తోలుతో చక్కగా కుట్టిస్తాడు.

ఇంక బాబాయ్ అడిగిన ప్రశ్న. మనకి చిన్నప్పటినుంచీ అలవాటైన ఎక్కుడు ఒకటుంది, ఎడమ కాలు పెడలు మీద పెట్టి, కుడి కాలితో నాలుగు గెంతులు గెంతి, బండి పోతుండగా కాలు వెనకనుంచి తిప్పి సీటు మీద కూర్చోవడం. దిగడం కూడా అట్టాగే. ఈ బండి మీద అది మర్చిపోండి, గెంతుతుండగా మీ కాలి కింద పెడలు తిరిగిపోద్ది, పడిపోతారు. బండి నిలబెట్టి, ముందు బ్రేకు పట్టుకుని, కాలు దాటించి నిలబడండి. వెనక చక్రం కొంచెం లేపి ఒక పెడలు ముందుకీ కొంచెం పైకీ వచ్చేట్టు తిప్పుకోండి, దాని మీద పాదం పెట్టి ఒక్క తొక్కు, సీటు మీదకి. దిగేటప్పుడు బ్రేకుతో బండిని పూర్తిగా ఆపి, బండి ఆగాకే కాలు నేల మీద పెట్టండి. మొదట్లో అలవాటుకొద్దీ కాళ్ళు ఆపబోతారు, అప్పుడు పెడలు మిమ్మల్ని సీటు మీదనుంచి లేపుద్ది, భయపడి ఎదురు నెట్టకుండా దాంతోపాటే తిప్పండి. తెల్లారుజామున ఖాళీగా ఉండే లేఅవుట్ రోడ్లలో నేర్చుకోండి, ట్రంకురోడ్డుకి అప్పుడే రావొద్దు.

మొదటి రోజు తొక్కి వచ్చాక లాక్ రింగు మళ్ళీ బిగించాలి, ఇది తప్పనిసరి, ఎందుకంటే తొక్కేకొద్దీ కాగ్ ఇంకాస్త లోపలికి కూర్చుని రింగుకీ దానికీ మధ్య వదులు వస్తది. కొక్కెం పానాతో బిగించండి, ఉలీ సుత్తీ పెట్టి కొడితే గాట్లు పోతాయి. అదే రోజు కాటర్ పిన్ను నట్లూ, వెనక ఇరుసు నట్లూ చూడండి. వారం తర్వాత స్పోకులు ఒకసారి బెండు తీయించండి, కొత్తగా కట్టిన చక్రం కొంచెం సర్దుకుంటది. సముద్రం దాకా పోయొచ్చిన రోజు మాత్రం ఎంత అలిసిపోయినా మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, చెయిన్‌కి నూనె చుక్కలు వేసి పెట్టండి, ఇసుకా ఉప్పూ తెల్లారేదాకా ఉంచొద్దు.